రాణి బొమ్మ లేని స్టాంపులు

రాణి బొమ్మ లేని స్టాంపులు వస్తే ఒబెలీన్ దేవో వాటిని డ్రాయర్లో కలపకుండా ఒక పొగాకు డబ్బాలో వేసేది. దుప్పి, బీవరు, కొంగ, మంచుమేక, ఆ ఏడు ఏ జంతువును అచ్చు వేస్తే అది. డబ్బా కౌంటరు కింద, త్రాసు పక్కన ఉండేది. ఆ స్టాంపులు ఆమె తండ్రి ప్లాసిద్ కోసం.

ప్లాసిద్ నెలకొక ఉత్తరం రాసేవాడు, మంక్టన్ కాన్వెంటులో సన్యాసినిగా ఉన్న అక్కకి. ఉత్తరం తను తెచ్చేవాడు కాదు. కొడుకు మెదార్ పట్టుకొచ్చి కౌంటరు మీద పెట్టేవాడు.

"ముసలాయనకి తల లేని స్టాంపు కావాలట."

"తల లేకపోవడమేంటి, ఈ దుప్పికి ఎంత తల ఉందో చూడు."

"కిరీటం లేని తలైతే చాలే ఆయనకి."

ఒబెలీన్ డబ్బా తీసి, ఒక స్టాంపు చింపి, నాలుకతో తడిపి, తనే అంటించేది. మూల వంగకుండా బొటనవేలితో అదిమేది. పక్కనే గోడమీద కొత్త రాణి ఫొటో ఉండేది, పోస్టాఫీసు వాళ్ళు పంపించింది. మెదార్ దాని వంక చూసి టోపీ కొంచెం ఎత్తి వెళ్ళిపోయేవాడు. అది మర్యాదో వెక్కిరింతో అతన్నే అడగాలి.

పెతీ-ఆన్స్ కెనడాలోని నోవాస్కోషియాలో, సెయింట్ మేరీ అఖాతం ఒడ్డున ఉన్న ఊరు. ఈ ఒడ్డంతా అకాడియన్లే, ఎప్పుడో ఫ్రాన్సు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ సంతతి, ఇంట్లో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళే. ఇంటిపేర్లు మొత్తం పదో పన్నెండో ఉంటాయి గనక ఇంటిపేరు ఎవరికీ అక్కరకు రాదు. మనిషిని తండ్రి పేరు, తాత పేరు కలిపి పిలుస్తారు. ఆమె పూర్తి పేరు జోజిమ్ గారి ప్లాసిద్ కూతురు ఒబెలీన్. బయటి ఊళ్ళ నుంచి వచ్చే కవర్ల మీద కూడా కొందరు అలాగే రాసేవారు. తండ్రి పేరు లేకుండా ఆమె పేరు ఎవరి నోటా రాదు.

పోస్టాఫీసు ఆమెకి 1954 వసంతకాలంలో వచ్చింది. అంతకుముందు అది ఇంగ్లీషు దొర క్రాస్బీ కొట్టులో ఒక మూల ఉండేది. ఒబెలీన్ పద్దెనిమిదో ఏట ఆ కొట్లో పనికి చేరింది. ఉత్తరాలు వేరుచేయడం, సంచి మూతికి సీలు వేయడం, ఇంగ్లీషు కాగితాలు చదవడం అక్కడే నేర్చుకుంది. సంచి మూతి విప్పగానే గోనె, సిరా, ఎక్కడెక్కడి ఇళ్ళ పొగ కలిసిన వాసన ఒకటి వచ్చేది. అది ఆమెకి ఇష్టం. ఆ పని తప్ప ఇంకో పని చేయాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. క్రాస్బీ కొట్టు అమ్ముకుని హాలిఫాక్సు వెళ్ళిపోతున్నానన్నాడు. బాధ్యత తీసుకునేవాళ్ళు లేకపోతే పోస్టాఫీసు ఎత్తేస్తామని, ఇకమీద ఉత్తరాల కోసం వాగు అవతలి ఊరికి పోవాలని హాలిఫాక్సులోని తపాలా పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. ఊరంతా ఒబెలీన్ వంక చూసింది. ఊరు చూడకముందే ఆమె ఒప్పేసుకుంది.

ఇన్‌స్పెక్టరు కారులో వచ్చాడు. క్రాస్బీ కొట్లో, ఉప్పుచేపల పీపాల మధ్య నిలబడి, ప్రమాణం చేయాలన్నాడు.

"బైబిలు తెచ్చుకున్నావామ్మా?"

"లేదండి."

"పర్లేదు. నా సంచిలో ఉంది."

ఆ ఒడ్డున ఎవరు ఏ ప్రమాణం చేసినా తమ ఇంటి బైబిలు తీసుకెళ్ళి చేస్తారు. ఒబెలీన్‌కి ఆ సంగతి తెలియక కాదు. ఇంటి బైబిలు తండ్రి కుర్చీ పక్క అరలో ఉంటుంది. అది తీయాలంటే ఎందుకో చెప్పాలి. అందుకని ఇన్‌స్పెక్టరు బైబిలు మీదే చెయ్యి పెట్టింది. అది ప్రొటెస్టెంట్ల బైబిలు, ఈ ఊరంతా కాథలిక్కులు. ఎలిజబెత్ రాణికీ ఆమె వారసులకీ నమ్మకంగా, నిజమైన విధేయతతో ఉంటానంది. చెయ్యి తియ్యకుండానే రెండో ప్రమాణం కూడా చేసింది: ఎవరి ఉత్తరమూ విప్పను, ఆపను, ఎవరికి ఏం వచ్చిందో మరొకరికి చెప్పను.

ఆ సాయంత్రం ప్లాసిద్ పడవల షెడ్డులో దేవదారు పలకకి చిత్రిక పడుతున్నాడు. అతను పడవలు కట్టేవాడు.

"క్రాస్బీ కొట్టుకి కారొచ్చిందట," అన్నాడు.

"ఇన్‌స్పెక్టరు వచ్చాడు నాన్నా. పోస్టాఫీసు నాకిచ్చారు."

"ఊరికే ఇచ్చారా?"

"ప్రమాణం చేయించారు."

చిత్రిక ఆగింది. "ఎవరి పేరున?"

"రాణి పేరున."

"ఏమన్నావు?"

ఇంగ్లీషులో అన్నదాన్ని ఆమె ఫ్రెంచిలోకి మార్చి, ఒక్క మాట వదలకుండా చెప్పింది.

"అలా అన్నప్పుడు మనసులో ఏమనుకున్నావు?"

"అన్నదే అనుకున్నాను. లోపల ఒకటి పెట్టుకుని బయటికి ఇంకోటి అనడం మీరు నాకు నేర్పలేదు కదా."

"నేర్పలేదు," అన్నాడు ప్లాసిద్. మళ్ళీ చిత్రిక పట్టాడు.

ఆ ఊళ్ళో పిల్లలకి అక్షరాలు రాకముందే తెలిసే సంగతి ఒకటుంది. ఇంగ్లీషు రాజుకి విధేయులమని ప్రమాణం చెయ్యమంటే ముత్తాతల ముత్తాతలు షరతుల్లేకుండా చేసేది లేదన్నారు. 1755లో సైనికులు వాళ్ళ ఇళ్ళు తగలబెట్టి, మనుషుల్ని ఓడల్లోకి ఎక్కించి, దక్షిణాన ఉన్న రేవుల్లో దింపేశారు. భర్త ఒక ఓడలో, భార్య ఒక ఓడలో. మిగిలినవాళ్ళలో కొందరు అడవుల వెంట నడిచి ఈ ఒడ్డుకి వచ్చారు. ప్లాసిద్ వంశంలో మొదటివాడు అలా నడిచొచ్చినవాడే. ఇంగ్లీషు రాజు పేరున ప్రమాణం చేయకూడదని ప్లాసిద్ పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు. నిప్పులో చెయ్యి పెట్టకూడదని కూడా చెప్పలేదు.

అతను కూతురితో మాటలు మానలేదు. ఆదివారం భోజనానికి రమ్మనేవాడు. పోస్టాఫీసు పెట్టుకోవడానికి ఆమె క్రాస్బీ కొట్టు ముందుగది తీసుకుని అక్కడే మకాం పెడితే, పొయ్యిలోకి కట్టెలు కొట్టి మెదార్ చేత పంపించేవాడు. పోస్టాఫీసు గడప మాత్రం తొక్కలేదు. జనవరి ఒకటి వచ్చేదాకా ఇంతకు మించి ఏమీ లేదనే ఒబెలీన్ అనుకుంది.

కొత్త సంవత్సరం పొద్దున పిల్లలు తండ్రి దీవెన తీసుకోవడం ఆ ఒడ్డున ఆచారం. పిల్లలంటే పసివాళ్ళే కాదు, నెరిసిన తలలున్నవాళ్ళు కూడా. ఏమీ తినకముందే వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుంటారు. పెద్దవాడు అడుగుతాడు. తండ్రి కుడిచెయ్యి ఒక్కొక్క తల మీదా ఆనించి, సిలువ గుర్తు వేస్తాడు. ఆ తరువాతే ముద్దులూ, చెరకుపాకంతో చేసే మొలాసిస్ రొట్టే, పిల్లలకి మిఠాయిలూ. ఆ దీవెన లేకుండా ఏడాది మొదలవడం అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తల్లి ఎలీజ్ పోయిన ఏడు కూడా అది జరిగింది.

మెదార్, తరువాత ఒబెలీన్, తరువాత చెల్లెలు యుర్సూల్ వరసగా కూర్చున్నారు.

"నాన్నా, మమ్మల్ని దీవించండి," అన్నాడు మెదార్.

చెయ్యి మెదార్ తలమీద ఆగింది. లేచింది. ఒబెలీన్ కళ్ళు మూసుకుంది. చొక్కా చేతి గాలి నుదుటికి తగిలింది, తారు వాసన వచ్చింది. పక్కన యుర్సూల్ ఊపిరి పీల్చుకోవడం వినపడింది. కళ్ళు తెరిచేసరికి చెయ్యి యుర్సూల్ తలమీద ఉంది.

ప్లాసిద్ లేచి పొయ్యిలో కట్టె వేశాడు. "రండి, తినండి," అన్నాడు అందరితో, ఒబెలీన్‌తో కూడా.

ఇలాంటిది ఆ ఊళ్ళో దాగదు. చేపల ఫ్యాక్టరీ కాపలాదారు తెయోతిమ్ ఉత్తరాలు రాకపోయినా రోజూ పోస్టాఫీసుకి వచ్చే మనిషి. చిక్కుముడి విప్పింది తనేనని అతను చివరిదాకా చెప్పుకున్నాడు.

"ఏ బైబిలు మీద చేశావన్నావు?"

"ఇన్‌స్పెక్టరుది."

"ప్రొటెస్టెంట్లదా? ఇంకేం మరి. వాళ్ళ బైబిలులో మనదానికంటే ఏడు పుస్తకాలు తక్కువ. ఏడు చెక్కలు లేని పడవ ఎక్కి ఎక్కడికి పోయినట్టు? చెయ్యనట్టే లెక్క. మీ నాన్నతో చెప్పు."

ఆమె చెప్పలేదు. తెయోతిమ్ పాదిరి లాండ్రీకి చెప్పాడు. లాండ్రీ ఒక ఆదివారం ప్లాసిద్ ఇంటికి భోజనానికి వచ్చాడు. యుర్సూల్ రాప్యూర్ చేసింది. బంగాళాదుంపలు తురిమి, నీళ్ళు పిండేసి, కోడి పులుసు పోసి ఓవెన్లో కాల్చింది. పాదిరి రెండోసారి వడ్డించుకున్నాక విషయంలోకి వచ్చాడు.

"ప్లాసిద్, అమ్మాయి చెయ్యి పెట్టింది మన గ్రంథం మీద కాదట. నన్నడిగితే అది సగం ప్రమాణం."

"సగం ఏంటి ఫాదర్?"

"సరే, సగం కూడా కాదు."

ప్లాసిద్ ఫోర్కు కింద పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు. "అమ్మాయి తన నోటితో చెప్తే చాలు," అన్నాడు. "అది లెక్కలోకి రాదు, ఉద్యోగం కోసం అన్న మాట అని. ఇక్కడే చెప్పమనండి. నేను జనవరి దాకా ఆగను."

కుడిచెయ్యి అప్పటికే బల్ల మీద నుంచి కొద్దిగా లేచి ఉంది. ఒబెలీన్ దానివంకే చూసింది. ఉలి తెగిన గీత ఒకటి, వంగిపోయిన చిటికెన వేలు. ఒక్క మాట అంటే చాలు.

"ఆ పుస్తకం మీద నేను రెండు మాటలు చెప్పాను నాన్నా," అంది. "ఒకటి రాణి సంగతి. రెండోది ఉత్తరాల సంగతి. చెయ్యి తియ్యలేదు, మధ్యలో ఆగలేదు. మొదటిది లెక్కలోకి రాకపోతే రెండోదీ రాదు. అప్పుడు నేను ఎవరి ఉత్తరమైనా చదువుకోవచ్చు, ఎవరికైనా చెప్పుకోవచ్చు." పాదిరి వైపు తిరిగింది. "మీ ఉత్తరాలు రేపట్నుంచి కూడా నా దగ్గరికే పంపమంటారా ఫాదర్?"

లాండ్రీ నోట్లో ఉన్నది మింగాడు.

"గుటక పడింది," అన్నాడు మెదార్.

"నువ్వూరుకో," అన్నాడు పాదిరి. ఇబ్బంది పడ్డవాడు ఎవరో ఒకరి మీదికి వెళ్తాడు గనక ప్లాసిద్ మీదికి వెళ్ళాడు. "నీకూ తెలుసు కదా ప్లాసిద్. మన పెద్దవాళ్ళు తిరిగొచ్చాక ఈ ఒడ్డున భూమి ఊరికే ఇవ్వలేదు. ఆ ప్రమాణం చేయించుకునే ఇచ్చారు. నువ్వు కూర్చున్న నేల కూడా."

అది ఆ ఒడ్డున అందరికీ తెలుసు. ఎవరూ బల్ల దగ్గర అనరు.

"తెలుసు," అన్నాడు ప్లాసిద్. "నడిచొచ్చిన మా పెద్దాయన కూడా చేసే ఉంటాడు. ఆయనకి ఎవరు దీవెన ఇచ్చారు? తండ్రి ఓడలోనే పోయాడు. ఇవ్వడానికి ఎవరూ లేరు, ఇవ్వకపోవడానికీ ఎవరూ లేరు." కూతురి వంక చూశాడు. "నేనున్నాను."

చెయ్యి బల్ల మీదికి దిగింది. యుర్సూల్ పాదిరికి మళ్ళీ వడ్డించబోతే వద్దన్నాడు.

తరువాత దీవెన ఆమెని దాటిపోవడం ఏటేటా జరిగే పని అయిపోయింది. ఒబెలీన్ పెళ్ళి చేసుకోలేదు. ఒకరిద్దరు అడిగారు. పెళ్ళిరోజు పొద్దున కూడా తండ్రి దీవెన అడగాలి. అందుకే కాదందని యుర్సూల్ అంటుంది. వాళ్ళు నచ్చక కాదన్నానని ఒబెలీన్ అంటుంది. పోస్టాఫీసు బాగా నడిచింది. మంచుతుఫానులో బస్సు ఆగిపోతే ఆమె స్లెడ్జి కట్టించుకుని సంచి తెచ్చిన రోజులున్నాయి. పడవ మునిగి పోయినవాళ్ళ ఇళ్ళకి టెలిగ్రాము తనే నడిచివెళ్ళి ఇచ్చేది, ఇచ్చాక గుమ్మంలోనే నిలబడేది, పొమ్మనేదాకా. ఎవరి ఉత్తరం గురించీ ఆమె నోటివెంట ఒక్క మాట బయటికి రాలేదు. ఈ సంగతి ప్లాసిద్ ముందు ఎవరన్నా అంటే, "రాదు," అనేవాడు. గర్వంగా అన్నాడో కోపంగా అన్నాడో విన్నవాళ్ళు తేల్చుకోలేకపోయారు.

ప్రతి జనవరి ఒకటినా ఆమె వెళ్ళేది, అదే చోట మోకాళ్ళ మీద కూర్చునేది. చెయ్యి ఆమెని దాటి వెళ్ళేది.

"ఎందుకే వెళ్తావు?" అని ఒకసారి యుర్సూల్ విసుక్కుంది. "మోకాళ్ళు అరగడం తప్ప ఏముంది?"

"నేను వెళ్ళకపోతే ఆయన చెయ్యి మెదార్ దగ్గర్నుంచి నేరుగా నీ దగ్గరికి వస్తుంది," అంది ఒబెలీన్. "ఇప్పుడు నన్ను దాటాలంటే ఎత్తాలి."

ప్లాసిద్ ఆ చెయ్యి ఎత్తే ఎత్తు ఏటేటా తగ్గుతూ వచ్చిందని, చివరికి చొక్కా అంచు జుట్టుకి తగిలేదని ఆమె చెప్పేది. వయసు మీద పడింది కదా అనేది యుర్సూల్.

1967లో దేశానికి నూరేళ్ళు నిండాయని కొత్త స్టాంపులు వేశారు. మామూలు ఉత్తరానికి అంటించేవాటన్నిటి మీదా రాణే. పొగాకు డబ్బా అడుగుకి వచ్చింది. ఆ శరదృతువులో ప్లాసిద్‌కి షెడ్డులోనే పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట ముద్దగా అయి ఎవరికీ అర్థం కాకుండా పోయింది. మెదార్ మంచాన్ని వంటింట్లోకి, పొయ్యి పక్కకి మార్పించాడు. పోస్టాఫీసు మూయగానే ఒబెలీన్ వెళ్ళి గడ్డం గీసేది, గంజి తాగించేది. ఆమె చెంచా పడితే ఆయన నోరు తెరిచేవాడు. కుడిచెయ్యి దుప్పటి మీద, పెట్టినచోట ఉండేది.

జనవరి ఒకటి వచ్చింది. ముగ్గురూ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"నాన్నా, మమ్మల్ని దీవించండి," అన్నాడు మెదార్. కాసేపు చూశాడు. తరువాత తండ్రి కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని ఎత్తి, తన తలమీద తనే పెట్టుకున్నాడు.

"నీ దీవెన నువ్వే తీసుకున్నట్టుంది," అంది యుర్సూల్. నవ్వాపుకోవడానికి ఏప్రాన్ అంచులో ముఖం పెట్టుకుంది.

మెదార్ ఆ చేతిని పక్కకి తెచ్చాడు. ఒబెలీన్ తలమీదికి. ఆమె అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"వద్దు మెదార్."

"పట్టు వదలవే. ఇన్నేళ్ళయింది."

"పెడుతున్నది నువ్వు."

"ఆయన వద్దనడం లేదుగా."

"వద్దనలేడు గనక."

మెదార్ చేతిని దుప్పటి మీదికి దింపాడు. ప్లాసిద్ కళ్ళు తెరిచే ఉన్నాయి. కొడుకుని చూశాడు, కూతుర్ని చూశాడు. గోడవైపు, దుప్పటి కింద, ఎడంచెయ్యి కదిలింది. అది బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. దుప్పటి అంచు అడ్డం పడితే యుర్సూల్ తీయబోయింది, మెదార్ వద్దన్నట్టు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి ఆయన ఛాతీ మీదుగా అడ్డంగా వచ్చి, ఒబెలీన్ తలమీద సగం, చెవిమీద సగం పడింది. బరువుగా పడింది. పొయ్యిమీద నీళ్ళు పొంగి ఇనుము మీద చిమ్మినా ఎవరూ లేవలేదు.

ఆయన ఏదో అన్నాడు. పేరు పిలిచాడని మెదార్ అంటాడు. ఊపిరి వదిలాడంతే అని యుర్సూల్ అంటుంది. చెవి దగ్గర ఉన్నది ఒబెలీన్. ఆమె చెప్పదు.

మర్నాడు ఆమె మామూలుగా పోస్టాఫీసు తలుపు తీసింది. సెలవు కారణంగా సంచులు రెండు వచ్చాయి. తెయోతిమ్ అవి విప్పకముందే వచ్చి పొయ్యి దగ్గర చేతులు చాపుకుని నిలబడ్డాడు.

"ఎడంచెయ్యటగా."

"ఊఁ."

"ఎడంచేత్తో దీవించడం నేనెక్కడా వినలేదు. లెక్కలోకి వస్తుందంటావా?"

ఒబెలీన్ ఉత్తరాలు గళ్ళలో పెడుతూనే ఉంది. "ఏడు పుస్తకాలు లేని బైబిలు లెక్కలోకి వచ్చింది కదా," అంది. "నీకు ఉత్తరాలేం లేవు. తలుపు వేసి వెళ్ళు, చలి వస్తోంది."

ప్లాసిద్ ఆ నెలాఖరున పోయాడు. కాన్వెంటులో ఉన్న ఆయన అక్కకి ఉత్తరం ఒబెలీనే రాసింది, డబ్బాలో మిగిలిన ఆఖరి స్టాంపు అంటించింది. ఫిబ్రవరి మధ్యలో కొత్త స్టాంపులు వచ్చాయి. వాటిమీద బూడిదరంగు జే పిట్టలు, రాణి లేదు. ఆమె ఒక వరస చింపి, వంగి, కౌంటరు కింద డబ్బా మూత తీసింది. మూత మళ్ళీ పెట్టేసింది. తరువాత లేచి ఆ వరసని డ్రాయర్లో మిగతావాటితో కలిపింది. ఆ పొద్దున మొదట వచ్చింది పాదిరి లాండ్రీ. ఆయనకి రెండు కావాలంటే చింపి ఇచ్చింది.